ఇరవైమూడో మెషిను

నీళ్లు పరీక్షించే ఆ ల్యాబ్‌లో ఆవిడ పదహారేళ్లుగా పనిచేస్తోంది. ఎప్పుడు చూసినా చేతిలో రెండు నమూనా సీసాలుంటాయని అందరూ సీసాలమ్మ అనేవారు. మొదట్లో ఉడుక్కునేది. ఇప్పుడు ఫోనెత్తితే తనే ఆ పేరు చెబుతోంది.

మంగళవారం పొద్దున కుర్చీలో కూర్చుంటూనే మెయిల్ బొమ్మ మీద నొక్కింది. బాణం పక్కన చక్రం కాసేపు తిరిగి ఆగిపోయింది. ఏమీ తెరుచుకోలేదు. మళ్లీ నొక్కింది, అదే వరస. మెషిను ఆపి మళ్లీ వేసినా మార్పు లేదు.

ఇంకో రోజైతే ఓ కప్పు టీ తాగొచ్చి చూసుకునేది. కానీ ముందురోజు సాయంత్రం రాసి, పంపకుండా దాచుకున్న ఉత్తరం అందులో ఉంది. ఒక బడి పంపు నీళ్లలో సీసం ఉందని మూడుసార్లు తేలింది. ఇంకోసారి చూద్దాం, తొందరేముంది అంటూ ల్యాబ్ ఆఫీసరు నెల్లాళ్లుగా నాన్చుతున్నాడు. ఇక లాభం లేదని ఆరోగ్యశాఖకు తనే నేరుగా రాసింది. కోపం చల్లారాక ఒకసారి చదువుకుని పొద్దున పంపుదామనుకుంది.

ఆఫీసులో కంప్యూటర్లు చూసే మనిషి సెలవులో ఉన్నాడు. మరిదికి ఫోన్ చేసింది. ఆఫీసు మెషిన్లను నడిపే లైనక్స్ అతనికి కొట్టినపిండి. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి మెయిల్ ప్రోగ్రాం పేరు కొట్టమన్నాడు. చేస్తే, ఇప్పటికే నడుస్తోందని ఒక్క లైను వచ్చింది. నడుస్తున్నవాటి జాబితా తెప్పించి చదివించుకున్నాడు. అందులో మెయిల్ ఊసే లేదు.

అయితే తాళం ఫైలు మిగిలిపోయి ఉంటుందన్నాడు. మెయిల్ తెరిచినప్పుడు ఇంకెవరూ తెరవకుండా ఆ ఫైలు పుడుతుందట, మూసెయ్యగానే పోతుందట. ఉత్తరాలుండే ఫోల్డర్‌లో వెతికితే కనపడింది. చెరిపెయ్యబోతుంటే ఆగమని, అది ఏ మెషిన్ని చూపిస్తోందో చదవమన్నాడు. అంకెల మధ్య చుక్కలతో ఓ చిరునామా ఉంది. చివర ఇరవైమూడు. తన మెషిను మీద అతికించిన చీటీలో ఉన్నది పదిహేడు.

ఆ రెండు అంకెలూ అతను ఇంకోసారి చెప్పించుకున్నాడు.

"వదినా, మీ ఫైళ్లన్నీ సర్వర్‌లో ఉంటాయా? ఏ మెషిన్లో కూర్చున్నా మీ పేరుతో తెరుచుకుంటాయా?"

"ఆ. ఎందుకు?"

"అయితే ఏదీ పాడవలేదు. ఇరవైమూడో మెషిన్లో మీ మెయిల్ ఎవరో తెరుచుకుని కూర్చున్నారు. పాస్‌వర్డ్ ఎవరికైనా ఇచ్చారా?"

ఇచ్చింది. నిరుడు జ్వరంతో పడి ఉన్నప్పుడు టైపిస్టుకిచ్చింది. తను అక్కా అని పిలిచే మనిషి. పదేళ్లుగా ఇద్దరూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తున్నారు. ఆ మాట మరిదికి చెప్పలేదు. తర్వాత చేస్తానని పెట్టేసింది.

వరండా పొడుగునా గదులు. ఒక్కో గదిలోకి తొంగి చూస్తూ, పనేదో ఉన్నట్టు ఒక్కో మెషిను చీటీ చదువుతూ నడిచింది. పద్దెనిమిది, ఇరవై, ఇరవైరెండు. ఎవరో పలకరించారు. ఏం జవాబిచ్చిందో ఆమెకే తెలియదు. చివరిది నమూనాలు దాచే చల్లగది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసింది.

మెషిను ముందు అక్క కూర్చుని ఉంది. వెనక ఆఫీసరు, కుర్చీ వీపు మీద చెయ్యేసి నిలబడ్డాడు. తెర మీద ఆమె ఉత్తరాలు. ఆఫీసరు కంగారుపడలేదు. రండి అన్నాడు, తన ఇంటికొచ్చిన చుట్టాన్ని పిలిచినట్టు.

"మీరే చూస్తే మంచిది. మీ పేరుమీదే వెళ్లింది."

పంపిన ఉత్తరాల్లో అన్నిటికన్నా పైనున్నది ఎనిమిదీ నలభైకి వెళ్లింది. ఆరోగ్యశాఖకే. బడి పంపు ఫలితాలు తన పొరపాటు వల్ల వచ్చినవని, వాటిని లెక్కలోకి తీసుకోవద్దని, కింద ఆమె పేరు. తను రాసిన ఉత్తరం ఎక్కడా లేదు. తలతిప్పి అరలు చూసింది. బడి సీసాలుండే వరస ఖాళీగా, తుడిచి ఉంది.

"పాతబడ్డాయని పారబోయించాను. ఇక ఆ సంగతి మర్చిపోండి," అన్నాడు ఆఫీసరు. గొంతు మెత్తగా ఉంది.

ఆమె అక్క వైపు తిరిగింది. "టైపు చేసిందెవరక్కా?" అంది.

అక్క తన వేళ్లకేసి చూసుకుంది. మెయిల్ మూసేసింది.

సీసాలమ్మ తన గదికి వచ్చి తలుపు గడియపెట్టి ముందు బడి హెడ్మాస్టరమ్మకి ఫోన్ చేసింది. పంపు దగ్గరికి పిల్లల్ని వెళ్లనివ్వొద్దంది. ఎందుకని ఆవిడ అడిగితే, నేను చెబుతున్నానుగా, ముందు పిడి ఊడదీయించండి, తర్వాత నన్ను తిట్టండి అంది. ఆ తర్వాత బొమ్మ మీద నొక్కితే మెయిల్ చప్పున తెరుచుకుంది. పాస్‌వర్డ్ మార్చి, మూడు ఫలితాలూ నోట్‌బుక్ చూసి మళ్లీ టైపు చేసి పంపింది. పొద్దున వెళ్లిన ఉత్తరం తనది కాదని కూడా రాసింది.

జవాబు మధ్యాహ్నం వచ్చింది. మీ పేరుతో ఇవాళ రెండు ఉత్తరాలొచ్చాయి, ఏది నమ్మమంటారు అని.

బ్యాగు తగిలించుకుని ఆరోగ్యశాఖ ఆఫీసుకి తనే బయల్దేరింది. నా మాట, మా ఆఫీసరు మాట పక్కనపెట్టి నీళ్లు మీరే పట్టుకోండి, నేను ముట్టను అని వాళ్లకి చెప్పింది. మర్నాడు వాళ్లొచ్చి పట్టుకెళ్లారు. సీసం తేలింది. పంపు మూతపడింది. ఎనిమిదీ నలభై ఉత్తరం గురించి మాత్రం విచారణ జరుగుతోందని అంటూనే ఉన్నారు. ఆఫీసరు అదే కుర్చీలో ఉన్నాడు. వరండాలో ఎదురైతే బాగున్నారా అని అడుగుతాడు. అక్క వేరే చోటికి బదిలీ పెట్టుకుంది. వెళ్లే రోజు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండానే వెళ్లిపోయింది.