మొదటి చుట్టు

కోయిలకుంట్ల బజారులో బసవరాజ్ బట్టల కొట్టుకు పేరుంది. చీర అంచు వేళ్ళతో తడిమి అది ఏ ఊరి నేతో చెప్పగలడు. అలాంటి మనిషి రిజర్వాయరులో బోటింగు కాంట్రాక్టు పట్టాడని తెలిసి బజారంతా నవ్వింది. ఎండాకాలం వస్తే తాగేనీళ్ళకు ట్యాంకరు వెంట పరుగెత్తే ఊళ్ళ మధ్య నీళ్ళ మీద వ్యాపారమా అని. నవ్విన వాళ్ళే ఆదివారం పిల్లాపాపలతో వచ్చి టికెట్లు కొన్నారు, అది వేరే సంగతి.

ఆయనకు ఆ ధైర్యం ఇచ్చింది మేనకోడలు శివజ్యోతి. గోవాలో మొగుడు వీరభద్రతో కలిసి నీళ్ళ ఆటల కంపెనీలో పనిచేసింది. అతను బోటు నడిపేవాడు, ఆమె బోర్డు మీద నిలబడడం నేర్పేది. రోడ్డు ప్రమాదంలో అతను పోయాక తల్లి రామలక్ష్మమ్మ దగ్గరికి వచ్చేసింది. వచ్చిందే గానీ ఇంట్లో కూర్చుని వచ్చిపోయేవాళ్ళ జాలిచూపులు లెక్కపెట్టే మనిషి కాదు. ఈ నీళ్ళ మీద మళ్ళీ నేర్పే పని దొరికితే తన కాళ్ళ మీద తాను బతుకుతుంది. ఆమె కోరింది అంతే.

"జ్యోతమ్మా, ఆ రెక్కల బోర్డు మూడు రకాలంటివే. ఏది తెద్దాం?" అన్నాడు ఒకరోజు బసవరాజ్, గల్లాపెట్టె మూస్తూ.

రెక్కల బోర్డని ఆయన పెట్టుకున్న పేరు. గోవాలో ఫాయిల్ అంటారు. చూడడానికి మామూలు బోర్డే. కింద నిలువుగా ఒక కాడ, ఆ కాడ చివర బొమ్మ విమానానికి ఉన్నట్టు రెక్కలు. వేగం అందుకుందంటే నీళ్ళలో ఉన్న రెక్కలు బోర్డును పైకి లేపుతాయి. మనిషి నీటికి మూరెడు ఎత్తున చప్పుడు లేకుండా పోతాడు. ఆ వేగం ఎక్కడి నుంచి తేవాలన్నదే పేచీ.

"బోటుకు తాడు కట్టి లాగేది ఒకటి మామా. బోర్డు చవకే. కానీ ఒకరు నేర్చుకోవాలంటే బోటు నడిపేదానికి ఒకరు, ఎనక్కి తిరిగి చూసేదానికి ఇంకొకరు కావాల. పెట్రోలు తాగుతాది. తిరిగిన చోటే తిరిగితే బోటు లేపిన అలలే మనల్ని పడేస్తాయి."

"రెండోది?"

"మామూలు బోర్డు కాడకే చిన్న మోటారు బిగించేది. రిమోటు చేతిలో ఉంటాది. సముద్రంలో అయితే శానా బాగుంటాది. మోటారుతో లేచి, అల దొరికినాక ఆపేసి, అల మీదనే పోవచ్చు. ఈడ అలలు యాడివి? ఆపితే మునిగేదే. అయినా అది చేయి తిరిగినోళ్ళకు గానీ కొత్తోళ్ళకు కాదు."

"ఇంక మిగిలిందానికి దుడ్లు శానా అవుతాయంటివి."

"అవుతాయి. మోటారు, బ్యాటరీ అన్నీ దాంట్లోనే. బరువు గూడా. గంట పైన తిరిగితే ఛార్జింగు పెట్టాల. కానీ కొత్తోళ్ళు పండుకోని మొదలుపెట్టి, మోకాళ్ళ మీదికి వచ్చి, ఆనక నిలబడేదానికి అదే మేలు. వేగం ఇంతకు మించకూడదని మనమే కట్టడి చేయొచ్చు. కదలని నీళ్ళకు అదే సరి మామా."

బసవరాజ్ మనసు ముందునుంచీ తాడు వైపే ఉంది. బోటుంది, నడిపేందుకు నరసన్న ఉన్నాడు, కొత్త ఖర్చెందుకని. శివజ్యోతి పట్టు వదలకుండా కొట్టు చుట్టూ తిరిగి ఒప్పించింది. "సరే, నేర్పేది నువ్వే. బాధ్యతా నీదే," అన్నాడు చివరికి. ఆ మాటకు ఆమె మురిసిపోయింది. బాధ్యత అప్పజెప్పే వాళ్ళు అధికారం తమ దగ్గరే ఉంచుకుంటారని మురిసిపోయే వేళ ఎవరికి తడుతుంది?

బోర్డు బెంగళూరు నుంచి వచ్చింది. ప్రారంభానికి ముందురోజు పొద్దున శివజ్యోతి దాన్ని నీళ్ళలో దింపి నడిపి చూసింది. బ్యాటరీ పెట్టెలోకి నీళ్ళు దిగుతున్నాయా, మనిషి పడితే మోటారు ఆగుతుందా అని చూసుకోకుండా పరాయి పిల్లల్ని ఎక్కించే అలవాటు ఆమెకు లేదు. బోర్డు రెక్కల మీద లేచినప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. వీరభద్ర పోయాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. గట్టు మీద నుంచి నరసన్న చేయి ఊపాడు.

మరునాడు కొత్త బండికి ఏమేం చేస్తారో అన్నీ చేశారు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. కాడకు నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన నల్లతాడు. నిమ్మకాయలు తొక్కించడానికి చక్రాలు లేవని పూజారి కాసేపు చిన్నబోయాడు.

"మామా, ఆ తాడు తీసేద్దాం. దాని కిందనే నీళ్ళను తోసే మోటారు పంకా తిరుగుతాది. చుట్టుకునిందంటే మోటారు పట్టేస్తాది," అంది శివజ్యోతి.

బసవరాజ్ భార్య సుందరలక్ష్మి అడ్డుపడింది. "మొదటి చుట్టు అయ్యేదాకా దిష్టితాడు ఇప్పకూడదు. మా ఇంట్లో లారీకైనా మోపెడ్డుకైనా అంతే."

లారీకి తాడు బంపరుకు కడతారు, ఇంజన్లో వేయరు. ఆ తేడా చెప్పేలోపే సుందరలక్ష్మి గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "నువ్వు రవ్వంత అవతలికి ఉండు జ్యోతీ. అల్లుడు ఎక్కే వేళ."

మొదట ఎక్కేది అల్లుడు తేజేశ్వర్ అని ఇంట్లో ఎప్పుడో తేలిపోయిందట. కడపలో సెల్‌ఫోన్ల షాపు నడిపే మనిషి. బోర్డు ఎక్కడం మాట దేవుడెరుగు, దాన్ని ఎత్తడం కూడా చేతకాదు. కానీ మొగుడు లేని మనిషి మొదట ఎక్కితే శుభమా? నేర్పడానికి పనికొస్తుంది, మోయడానికి పనికొస్తుంది, బ్యాటరీకి కాపలా కాయడానికి పనికొస్తుంది. కొబ్బరికాయ కొట్టే వేళకు మాత్రం పక్కకు జరగాలి.

శివజ్యోతి పక్కకు జరిగింది. బోటులో నరసన్న పక్కన కూర్చుని, "అన్నా, పండుకోనే పోండి, లేయొద్దు!" అని అరిచింది.

తేజేశ్వర్ గట్టు మీద ఫోన్లు ఎత్తి పట్టుకున్న జనాన్ని చూశాడు. మోకాళ్ళ మీదికి లేచి వేగం పెంచాడు. బోర్డు గాలిలోకి లేచింది. ఈలలు మోగాయి. అంతలో తాడు కిందికి జారి పంకాకు చుట్టుకుంది. మోటారు టక్కున ఆగింది, బోర్డు ముక్కు నీళ్ళలో దిగింది, అతను ముందుకు పడ్డాడు. రెక్క అంచు పిక్కను కోసింది. శివజ్యోతి నీళ్ళలోకి దూకి అతన్ని బోటు దాకా లాక్కొచ్చింది. తన చున్నీతోనే పిక్కను బిగించి కట్టింది.

ఆసుపత్రి లోపల అల్లుడికి కుట్లు వేస్తున్నారు, వరండాలో అందరూ కాచుకుని ఉన్నారు. భయం లేదని డాక్టరు చెప్పాక నోళ్ళు లేచాయి. ప్రాణానికి ముప్పు తప్పాకే కదా తప్పెవరిదని వెతికేది.

"దాన్ని ముందే ఎవురన్నా ఎక్కినారా?" అంది సుందరలక్ష్మి.

సాయం చేస్తున్నాననుకున్నాడు పాపం నరసన్న. "నిన్న జ్యోతక్క ఎక్కింది గదమ్మా. శానా బాగా పోయింది. బోర్డులో ఏ తప్పూ లేదు."

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. అందరికంటే ముందు నోరు తెరిచింది కన్నతల్లే. "నువ్వెందుకు ఎక్కినావే? అల్లుని కంటే ముందు నీకెందుకే?" అంది రామలక్ష్మమ్మ.

శివజ్యోతి పిడికిలి విప్పింది. బోర్డును గట్టుకు లాగేటప్పుడు పంకా నుంచి కోసి తీసిన తాడు అది. మిరపకాయ తొడిమ ఇంకా వేలాడుతోంది. "ఇదే మామా చుట్టుకునింది."

బసవరాజ్ ఆ తాడు తీసుకుని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. "దేవుని తాడును ఏమీ అనొద్దు," అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పండుకోమంటే లేచిన అల్లుడి సంగతి ఎవరికీ గుర్తులేదు. మొగుడు లేనిది ఎక్కిన బోర్డు అన్నారు. బజారులో టీ తాగుతూ అన్నారు, బస్టాండులో అన్నారు, ఆమె వింటుండగానే అన్నారు.

బెంగళూరు మెకానిక్ వచ్చి చూసిపోయిన రోజు సాయంత్రం బసవరాజ్ ఆమెను కొట్టుకు పిలిపించాడు. పనివాళ్ళను పంపేసి మెల్లగా అన్నాడు. "మోటారు బాగుండాదంట. తాడే అంట."

"నీకు ముందే తెలుసా మామా?"

"నీ చేతిలో తాడు చూసినప్పుడే తెలుసమ్మా. అల్లునికి కుట్లేస్తాండారు, మీ అత్త ఏడుస్తాంది. ఆమె కట్టించిన తాడేనని అందరి ముందర ఎట్ల చెప్పేది?"

అన్నాళ్ళూ ఆయన దేవుని మీది నమ్మకంతోనే తాడును ఏమీ అనొద్దన్నాడనుకుంది. తెలియక అన్నవాడి మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది? ఈయన తెలిసే తనను ఆ నోళ్ళకు వదిలేశాడు. శివజ్యోతికి ఒళ్ళు మండిపోయింది.

"ఇప్పుడన్నా చెప్పు. పది మందిలో చెప్పు."

"మనుషుల నోళ్ళు యాడ మూస్తాం? నా మాట ఇను. పొద్దున్నే జనం రాకముందు రా. నంద్యాల నుంచి ఇద్దరు కుర్రోళ్ళను పెట్టుకుంటాండా, వాళ్ళకు నేర్పు. వాళ్ళు జనానికి నేర్పుతారు. జనం వచ్చేలోపల నువ్వు ఇంటికి పో. జీతం ఏమీ తగ్గియ్యను."

"వాళ్ళకు నేర్పింది ఎవురని అడిగితే?"

బసవరాజ్ షట్టరు వైపు చూశాడు. "అల్లుని పేరు చెప్తారు."

ఆమె ఇంటికి వచ్చింది. రామలక్ష్మమ్మ వాకిట్లోనే కాచుకుని ఉంది. "ఏమన్నాడు మీ మామ? పని ఉండాదా, పోయిందా?"

"పని ఉండాదిమా. నేనే కనపడకూడదంట." మామ పెట్టిన ఏర్పాటంతా చెప్పింది.

రామలక్ష్మమ్మ చివరిదాకా విన్నది. విన్నాక ఆమె ముఖం విచ్చుకుంది. చేతులెత్తి పైకి మొక్కింది. "అంతేనా? పనే పోయిందనుకుంటి గదే. మా అన్న ధర్మాత్ముడు. పొద్దున్నే నేను లేపుతాలే, నువ్వు తిని పండుకో."

ఆసుపత్రిలో రాని ఏడుపు, బజారులో రాని ఏడుపు శివజ్యోతికి అప్పుడు వచ్చింది.