పగలు ఇంట్లో ఎవరుంటారు?

లెక్కల టీచరు తన పగ్ కుక్కను ఊరికే ఒకరి చేతిలో పెట్టి పోయే మనిషి కాదు. ఆవిడకు బదిలీ అయింది, కొత్త ఇంటి ఓనరు కుక్కలొద్దన్నాడు. అయినా, నాలుగు రోజులు ఉంచుకుని చూడండి, దాని తత్వం మీ ఇంటికి పడితేనే మాట్లాడుకుందాం అని బుధవారం సాయంత్రం గిన్నె, పరుపు, కంటి చుక్కల సీసాతో సహా దాన్ని నర్సమ్మ వాళ్లింట్లో దించి వెళ్లింది. ఆదివారం పదకొండింటికి వస్తానంది.

టీచరు పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగలేదు. మనవరాలు దాన్ని బుంగమూతి అంది. అదే ఖాయమైంది.

ఆ నాలుగు రోజులూ దాన్ని చూసుకున్నది నానమ్మ. వీధిలో అందరూ ఆమెను నర్సమ్మ అంటారు. కంటి ఆస్పత్రిలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి ఏడు నెలల కిందట రిటైరైంది. కొడుకూ కోడలూ ఆఫీసులకు, మనవరాలు బడికి వెళ్లాక ఇంట్లో మిగిలేది ఆమే. మూతి మడతలు తడి దూదితో తుడిచింది. కళ్లలో చుక్కలు వేసింది. టీచరు వేస్తే పెనుగులాడేదట. నర్సమ్మ వేలితో కింది రెప్ప లాగితే కదలకుండా కూర్చుంది. ఆమె వంటింట్లోకి పోతే వంటింట్లోకి, బట్టలారేయడానికి పోతే అక్కడికి వెంటపడింది. మధ్యాహ్నం ఆమె పాదం మీద తల పెట్టి గురక పెట్టింది. ఆరేళ్ల కిందట పోయిన మొగుడి గురక కంటే నయమే అనుకుంది నర్సమ్మ. శనివారానికి దాని మీద మనసు పడింది.

అదే చిక్కు. గురువారమే, కంటి ఆస్పత్రిలో తనతో పనిచేసిన డాక్టరమ్మ ఫోన్ చేసింది. సొంత క్లినిక్ పెడుతోంది. “ఒకటో తారీఖు నుంచి, పదింటి నుంచి ఐదు దాకా. నీ చెయ్యి పడితే పేషెంట్లు బెదరరు, నర్సమ్మా” అంది. నర్సమ్మ వస్తానంది. ఇంట్లో చెప్పలేదు. ఆదివారం అందరూ తీరిగ్గా కూర్చున్నప్పుడు చెబుదామనుకుంది.

ఆదివారం టీచరు రూళ్ల కాగితం మీద ప్రశ్నలు రాసుకుని వచ్చింది.

“ఇది కాపలా కుక్క కాదండీ. దొంగొచ్చినా ఒళ్లో కూర్చుంటుంది.”

“మా ఇంట్లో దొంగకి పనికొచ్చేవేం లేవులెండి,” అన్నాడు కొడుకు.

“ఎండకి ఆయాసం. తెల్లారుజామునే కాసేపు తిప్పాలి.”

“అమ్మ ఎటూ ఐదింటికే లేస్తుంది.”

“పెట్టిందల్లా తింటుంది. కొలిచి పెట్టాలి.”

“అత్తయ్య చేతి కొలత తప్పదండి,” అంది కోడలు.

“రోజూ మడతలు తుడవాలి, చుక్కలు వెయ్యాలి.”

“అమ్మ నర్సు కదండీ.”

టీచరు ఒక్కోదానికి టిక్కు పెట్టుకుంటూ పోయింది. నర్సమ్మ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

“అసలైంది ఇదీ. మనిషి కనబడకపోతే ఇది తిండి ముట్టదు. తలుపు గీరుతూ ఏడుస్తుంది. పగలు ఇంట్లో ఎవరుంటారు?”

“అమ్మ ఉంటుందిగా. ఎక్కడికెళ్తుంది?”

కోడలు నవ్వింది. “మా అత్తయ్యదీ దీనిదీ ఒకటే తత్వం లెండి. చుట్టూ మనుషులుంటే చాలు, ఇంకేం అక్కర్లేదు.”

మెచ్చుకోలుగానే అంది. నర్సమ్మకు ఆ సంగతి తెలుసు. టీచరు పెన్ను కాగితం మీద ఆనింది.

“నేనుండను,” అంది నర్సమ్మ.

క్లినిక్ సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. కొడుకు టీచరు వైపు ఒకసారి, తల్లి వైపు ఒకసారి చూశాడు.

“ఈ వయసులో నీకు ఉద్యోగమేంటమ్మా? మేం అన్నం పెట్టట్లేదా?”

“పెడుతున్నారు. వండేది నేను.”

“ముందే చెప్తే ఇంతదాకా వచ్చేదా?”

“ముందే అడిగితే చెప్పేదాన్ని.”

టీచరు కాగితం మడిచింది. “ఏమీ అనుకోకండి. మీరు మంచివాళ్లే. దీనికి ఈ ఇల్లు పడదు.”

నర్సమ్మ చుక్కల సీసా మూత బిగించి ఆవిడ చేతికిచ్చింది. పొద్దుటివి వేసేశానని, సాయంత్రం వెయ్యాలని చెప్పింది. టీచరు చంకనెత్తుకుంటే బుంగమూతి మెడ తిప్పి స్టూలు వైపు చూస్తూ పోయింది.

“నీ వల్లే, నానమ్మా,” అని మనవరాలు గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

“కుక్క సంగతి పోనివ్వండి అత్తయ్యా,” అంది కోడలు. “పిల్ల మూడున్నరకి వస్తుంది. అప్పుడెవరుంటారు?”

“బడిలో సాయంత్రం ఆరుదాకా ఉంచుకుంటారు. కనుక్కున్నాను.”

“అన్నీ కనుక్కున్నారన్నమాట.”

కొడుకు ఫోన్ తీశాడు. “ఆ డాక్టరమ్మ నెంబరు ఇవ్వు. పెద్దావిడ, తెలియక ఒప్పుకుందని నేను చెప్తాను.”

నర్సమ్మ ఇవ్వలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. ఏం వండాలో మాత్రం కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించేవారు. ఒకటో తారీఖు పొద్దున ఆమె ఆ కాగితం చదివి, అందులో ఉన్నవన్నీ వండి, గిన్నెల మీద మూతలు పెట్టి, తొమ్మిదిన్నరకు చెప్పులేసుకుంది.