ధారూరు మిట్ట మీద గూడ్సు బండి

ముప్ఫై వ్యాగన్ల నిండా తాండూరు బండలు వేసుకుని వికారాబాద్ వైపు బయల్దేరిన గూడ్సు బండి, ధారూరు దాటి మిట్ట సగం ఎక్కాక ఆగిపోయింది. అది 1975, శివరాత్రి వెళ్లిన వారం. ఆ మిట్ట ఎక్కాలంటే వెనక నుంచి మరో ఇంజను తోయాల్సిందే. ఆ రోజు ఆ రెండో ఇంజను రాలేదు.

ఫైర్‌మన్ ఇస్మాయిల్ పార మీద చేతులు ఆనించి రొప్పుతున్నాడు. పద్నాలుగేళ్లుగా ఈ దారిలో ఇంజనుకు బొగ్గు వేస్తున్నాడు. మిట్ట దగ్గర పడుతోందని కళ్లకంటే ముందు అతని నడుముకే తెలుస్తుంది.

పట్టాల పక్కన ఉన్న చేలోంచి ఒక ఆడమనిషి విసవిసా నడిచి వచ్చింది. అక్కడ గొర్లు కాసుకునే బీరమ్మ.

"ఓ సాబూ! మీ బండి నా కందిపొట్టు కుప్పను బుగ్గి చేసింది. ఎండకాలమంత నా గొర్లకు ఏం పెట్టాలె?"

డ్రైవర్ పాండురంగం తల బయటికి పెట్టి కసిరాడు. "ఇంజనన్నంక రవ్వలు లేవకుంట ఉంటయా? పట్టాల పొంటి కుప్ప ఎవరెయ్యమన్నరు నిన్ను?"

బీరమ్మ అతని ముఖం కూడా చూడలేదు. ఇస్మాయిల్ ముందు పిడికిలి విప్పింది. "రవ్వలొక్కటే గాదు, గివి గూడ కురుస్తున్నయ్. సూడు."

ఆమె అరచేతిలో శనగగింజలంత నల్ల ముక్కలు. ఇస్మాయిల్ ఒకటి తీసి గోటితో గీరాడు. నిగనిగా మెరిసింది. బూడిద కాదు, మసి కాదు, కాలని బొగ్గు. తను నడుము విరిగేలా పొయ్యిలోకి విసిరిన బొగ్గు మండకుండానే పొగగొట్టంలోంచి ఎగిరిపోయి ఊళ్ల మీద పడుతోందన్నమాట. అతనికి ఎవరో చెంప మీద కొట్టినట్టయింది.

"నీ తప్పేం లేదక్కా," అన్నాడు మెల్లగా. "మా దగ్గరనే ఉంది."

ఆ వారమే ఇంజన్ల షెడ్డుకు రైల్వే ఇన్‌స్పెక్టర్ ఏసుదాసు వచ్చాడు. బొగ్గుకు కటకటగా ఉన్న రోజులవి. "తాండూరు గూడ్సుకు ఇక రెండో ఇంజను ఇవ్వలేం," అన్నాడు. "ఒక్క ఇంజను లాగలేకపోతే వచ్చే నెల నుంచి వ్యాగన్లు సగం చేస్తారు. మిగతా బండలు లారీలలో పోతాయి."

అదే బరువుకు లారీలు ఎంత డీజిలు తాగుతాయో, ఎంత పొగ కక్కుతాయో షెడ్డులో అందరికీ తెలుసు.

ఇస్మాయిల్ ఇంటికి వెళ్లి ఆ బొగ్గుముక్కను తల్లి చేతిలో పెట్టాడు. అష్రఫున్నీసా తాండూరు సున్నపు బట్టీల దగ్గర ఇరవై ఏళ్లు నిప్పు కాసిన మనిషి. విషయం విని ముసిముసిగా నవ్వింది.

"బట్టీల బొగ్గు కుక్కితే ఏమైతది? మీద నల్లపొగ, లోపల పచ్చి రాయి. నిప్పుకు బొగ్గెంత కావాల్నో గాలి గంత కావాలె. నువ్వు నిప్పుకు తిండి పెడుతలేవు బేటా, దాని గొంతు పిసుకుతున్నవ్."

మర్నాటి నుంచే ఇస్మాయిల్ చదును దారిలో ప్రయత్నం మొదలుపెట్టాడు. పెద్ద బొగ్గుగడ్డలను పిడికిలంత ముక్కలుగా పగలగొట్టించాడు. బొగ్గుపొడి ఎగరకుండా నీళ్లు చల్లించాడు. పారలకు పారలు గుమ్మరించడం మానేసి, రెండే పారలు, అవి కూడా పలచగా, మంట తగ్గిన చోటే వేసేవాడు. వేశాక పొయ్యి తలుపు జానెడు తెరిచి ఉంచి, పొగ పలచబడేదాకా ఆగేవాడు. గడ్డలు కొట్టలేక రెండో ఫైర్‌మన్ కిష్టయ్య మొదట గొణిగాడు. నాలుగో రోజుకు బొగ్గుతొట్టిలో ఎంత మిగిలిందో చూసుకుని, గొణగడం ఆపేశాడు.

కానీ మిట్ట ఎక్కాలంటే డ్రైవర్ కూడా దారికి రావాలి.

"ఉస్తాద్," అన్నాడు ఇస్మాయిల్ ఒక రోజు, "మిట్ట రాంగనే నువ్వు లివర్ మొత్తం గుంజుతవ్. ఆవిరి దబ్బున దూకుతది. దాని ఊపుకు నా నిప్పంత గొట్టంలకెళ్లి ఎగిరిపోతది. మిట్టకు ముందుగాలనే ఉరుకు పెంచు. ఎక్కేటప్పుడు తక్కువ ఆవిరితోటి పట్టి గుంజు."

పాండురంగం ముఖం ఎర్రబడింది. "ఇరవయ్యారేండ్ల సర్వీసు నాది. పార పట్టినోడు నాకు బండి నడుపుడు నేర్పిస్తడా?"

రెండు రోజులు ఇస్మాయిల్ నిప్పునూ, తొట్టిలో మిగిలే బొగ్గునూ ఓరకంట చూస్తూ బండి నడిపాడు. మూడో రోజు ఆయనే వచ్చి ఇస్మాయిల్ పక్కన కూర్చున్నాడు.

"ఏసుదాసు సారుకు చెప్పిన. బేస్తారం నాడు ముప్ఫై వ్యాగన్లు, ఒక్క ఇంజను. సారు గూడ మనతోనే ఎక్కుతడు. మాట పోతే నాదే పోతది, యాదిపెట్టుకో."

బేస్తవారం పొద్దున తాండూరులో బండి కదిలింది. ఏసుదాసు ఇంజనులో ఒక మూలన నిలబడ్డాడు. ధారూరు దాటగానే పాండురంగం, అంతకు ముందు ఎన్నడూ లేనంత వేగంతో బండిని మిట్ట మీదికి దూకించాడు. తర్వాత లివర్ వెనక్కి తగ్గించి, పళ్లు బిగించి నిలబడ్డాడు.

సగం ఎక్కేసరికి వేగం తగ్గింది. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు కిందికి జారసాగింది.

"ఎయ్యి!" పాండురంగం అరిచాడు. "ఎయ్యి ఇస్మాయిలూ, ఆగిపోతున్నది!"

పద్నాలుగేళ్ల అలవాటు ఇస్మాయిల్ చేతులను లాగింది. గబగబా పది పారలు కుమ్మరించాలనిపించింది. పొయ్యిలోకి చూశాడు. లోపల మంట పసుపు దాటి తెల్లబడుతోంది. అది ఊపిరి తీసుకుంటోంది.

"వద్దు ఉస్తాద్. జర ఆగు. లివర్ ముట్టకు."

కుడి మూలన ఒక పార, ఎడమ మూలన ఒక పార. తలుపు జానెడు తెరిచాడు. కిష్టయ్య గడ్డలు కొట్టడం ఆపేసి ముల్లునే చూస్తున్నాడు. అది ఆగింది. వణికింది. తర్వాత నెమ్మదిగా పైకి కదిలింది.

ఏసుదాసు బయటికి వంగి పొగగొట్టం వైపు చూశాడు. నల్లటి మబ్బులా లేచే పొగ లేదు. పలచటి బూడిదరంగు తెర ఒకటి గాలిలో కలిసిపోతోంది. రైలు కట్ట కింద గొర్ల మధ్య బీరమ్మ నిలబడి, తల మీద ఏమీ రాలడం లేదేమని ఆకాశంలోకి చూస్తోంది.

ఒక్కో వ్యాగనూ మిట్ట కొస దాటింది. చివరి వ్యాగన్ దాటగానే పాండురంగం విజిల్ తాడు పట్టుకుని వదలలేదు. వికారాబాద్ దాకా కూత వినబడి ఉంటుంది.

స్టేషన్లో ఏసుదాసు తెల్లచొక్కాతోనే బొగ్గుతొట్టిలోకి ఎక్కి, మిగిలిన బొగ్గును కొలబద్దతో కొలిచాడు. దిగి వచ్చేసరికి మోకాళ్ల దాకా నల్లగా ఉన్నాడు.

"ఎప్పుడూ అయ్యే బొగ్గులో నాలుగో వంతు మిగిలింది," అన్నాడు. "రెండో ఇంజను బొగ్గు ఎటూ మిగిలినట్టే. వ్యాగన్లు తగ్గించే పని లేదు పాండురంగం."

పాండురంగం ప్లాట్‌ఫారం మీద కనిపించిన ప్రతి మనిషినీ ఆపి చెప్పాడు. "మిట్ట మీద నన్ను లివర్ ముట్టకు అన్నడు వీడు! ముట్టలే! ఎక్కినం!" అంటూ ఇస్మాయిల్‌ను అందరి ముందు కావలించుకున్నాడు. కిష్టయ్య మూడు చాయ్‌లు తెచ్చి నాలుగోదానికి మళ్లీ పరుగెత్తాడు.

తర్వాతి సోమవారం ఏసుదాసు ఎనిమిది మంది ఫైర్‌మన్‌లను ఇస్మాయిల్ దగ్గరికి పంపాడు. అందులో ముగ్గురు అతనికంటే పాతవాళ్లు. అందరూ పారలు భుజాన వేసుకుని, ఇతనేం చెబుతాడో చూద్దామన్నట్టు ఇంజను చుట్టూ నిలబడ్డారు. ఇస్మాయిల్ గొంతు సవరించుకుని పొయ్యి తలుపు తెరిచాడు.

"ముందుగాల పారలు కింద పెట్టుండ్రి," అన్నాడు. "దగ్గరికొచ్చి నిప్పును సూడుండ్రి."