చిలుక మింగిన చీటీ

మిల్లుల సమ్మె నడుస్తున్న ఏడాది. కామాటిపురాలో కూలీల వరుస గదుల మేడ, ఓ చాల్‌లో నెలనెలా చిట్టీ డబ్బు ఎవరికన్నది జోస్యం చెప్పే ముత్తయ్య చిలుక పేర్ల చీటీల్లో ఒకటి లాగి తేల్చేది. మనిషి చేతిని అక్కడెవరూ నమ్మరు. ఈసారైనా మోకాలికి వైద్యం చేయించుకోవాలని రత్నాబాయి తన చీటీకి బెల్లం పూసింది. చిలుక దాన్ని లాగలేదు, మింగింది. అది గొంతుకు అడ్డం పడి చిలుక రెక్కలు వాల్చేసింది.

అందరూ పంజరం పట్టుకుని గ్రాంట్ రోడ్‌లో పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. ఆయన పట్టకారుతో చీటీ బయటికి తీశాడు. ముత్తయ్య విప్పి చదివాడు.

"రత్నక్కా, నీ పేరే. ఈ నెల చిట్టీ నీదే."

"డాక్టరు ఫీజు ఎవరియ్యాలె?" అంది రత్నాబాయి.

"అండ్లకెల్లే ఇయ్యి. నీ చీటీనే గదా అడ్డం పడ్డది."

చిలుకకు టానిక్కు కూడా ఆ చిట్టీ డబ్బులోంచే కొన్నారు. పంజరంతో కుంటుకుంటూ మెట్లెక్కుతున్న రత్నాబాయి వేళ్లలో చిలుక బెల్లం వెతుక్కుంది.