రెండో సంతకం

"చూశావా, ఇంటి పన్ను మళ్ళీ పెంచారు" అన్నారు మా ఆయన, నోటీసును నా ముఖం ముందు ఆడిస్తూ. నేను అప్పుడు మా అత్తగారి జుట్టు దువ్వుతున్నాను. ఆ నోటీసు మున్సిపల్ ఆఫీసులో టైపు చేసింది నేనే. రెండో పేరాలో ఒక కామా ఎక్కువ పడిందని కూడా నాకు తెలుసు. ఆ మాటంటే "అయితే నువ్వే పెంచావన్నమాట" అంటారని ఊరుకున్నాను. ఎనిమిదీ పదికి వ్యాన్ వస్తుంది. ఆలోగా ఆవిడకు జడ వెయ్యాలి, మాత్రలు మింగించాలి, చెవి మిషన్ పెట్టాలి, కళ్ళజోడు తుడిచి చేతికివ్వాలి. తర్వాత నేను తయారై బస్సు అందుకోవాలి. మా ఆయన రిటైరై పద్నాలుగు నెలలైంది. ఈ పద్నాలుగు నెలల్లో ఆయనకు పొద్దుటి పేపరు చదవడం ఒక్కరోజు కూడా పది గంటల్లోపు పూర్తి కాలేదు.

"ఈ డబ్బంతా ఏం చేస్తున్నారో! వీధి చివర దీపం వెలిగి నెలైంది. లైబ్రరీకి వారంలో మూడు రోజులు తాళమే. మీ ఆఫీసువాళ్ళకు సిగ్గుండాలి" అన్నారు మళ్ళీ. తిట్టేటప్పుడు అది మా ఆఫీసు. జీతం పడిన రోజు మాత్రం మనది.

"ఇవాళ బడి ఉందా అమ్మాయ్?" అన్నారు అత్తగారు అద్దంలోంచి నన్ను చూస్తూ. మున్సిపాలిటీ నడిపే వృద్ధుల పగటి కేంద్రాన్ని ఆవిడ బడి అంటారు. ఎనభై రెండేళ్ళు. మోకాళ్ళు సహకరించవు గానీ నోరు బాగా సహకరిస్తుంది. నాలుగేళ్ళుగా మున్సిపాలిటీ వ్యాన్ ఎక్కి వెళ్ళి సాయంత్రం ఐదింటికి వస్తున్నారు. అక్కడ నర్సు బీపీ చూస్తుంది, ఆయా స్నానం చేయిస్తుంది, మధ్యాహ్నం నలుగురూ చేరి పేకాడతారు. మా అత్తగారు ముక్కలు దాచి దొంగాట ఆడతారని వ్యాన్ డ్రైవర్ నవ్వుతూ చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో నేను ఉద్యోగం చేస్తానంటే "కోడలి సంపాదన తినే ఖర్మ ఈ ఇంటికి ఇంకా పట్టలేదు" అన్నది ఈవిడే. ఇప్పుడు ఆవిడ బడికి వెళ్ళబట్టే నేను ఆఫీసుకు వెళ్ళగలుగుతున్నాను. అత్తాకోడళ్ళం ఇద్దరం ఆ ఒక్క వ్యాన్‌ను నమ్ముకుని బతుకుతున్నాం.

ఈ ఏడాది కౌన్సిల్ దగ్గర డబ్బు లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు, ఆ కాగితాలూ నా చేతి మీదుగానే వెళ్తాయి. టైపు చేసేవాళ్ళు చదువుతారని కూడా ఎవరికీ తోచదు. కోత మొదట లైబ్రరీ మీద పడింది, తర్వాత వీధి దీపాల మీద, ఆఖరికి పగటి కేంద్రం మీద. పన్ను పెంచి, దానికో మెలిక పెట్టారు. పెద్దవాళ్ళను కేంద్రానికి పంపకుండా ఇంట్లోనే చూసుకుంటామని ఫారం నింపి ఇస్తే, ఆ ఇంటికి పెంచిన పన్ను మాఫీ. సగం కుటుంబాలు అలా రాసిస్తే కేంద్రం మూసేస్తారు.

ఆ ఫారం తయారు చేసిందీ నేనే. కమిషనర్ గారు సంతకం పెట్టి పంపిన చిత్తుప్రతి కాగితానికి రెండో వైపుకు వెళ్ళింది. "మేడమ్, కాగితాల మీద కూడా కోత ఉంది. ఎలాగైనా ఒక వైపుకు తెండి. మీ చేతిలో ఏదో మాయ ఉంది" అన్నారు మా సూపరింటెండెంట్. నా చేతిలో మాయ ఆయనకు సాయంత్రం ఐదున్నర దాటాకే కనబడుతుంది. అక్షరాల సైజు తగ్గించాను, వరసల మధ్య ఖాళీ తగ్గించాను. అయినా అడుగున ఒక వరస అవతలికి జారుతోంది. అక్కడ రెండు సంతకాలకు చోటుంది. మొదటిది పన్ను కట్టేవాళ్ళది, రెండోది ఇంట్లో పెద్దవాళ్ళను చూసుకోబోయే మనిషిది. "ఒక సంతకం చాలదూ? ఇంటికి రెండు తలలుంటాయా ఏమిటి!" అని నవ్వారాయన. నేనూ నవ్వాను. రెండోది తీసేశాను. ఫారం ఒక్క వైపుకు ముచ్చటగా కుదిరింది. సెక్షనంతా మెచ్చుకుంది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు కూడా దొరికింది.

నింపిన ఫారాలు మంగళవారం కట్టలు కట్టలుగా నా బల్ల మీదకొచ్చాయి. మూడు వందలకు పైనే. గడులన్నీ నింపారో లేదో చూసి, రిజిస్టరులో ఎక్కించి, ముద్ర వెయ్యడం నా పని. చూసుకునేవారు అన్న గడిలో కోడలు, భార్య, కోడలు, కూతురు, కోడలు. వంద దాటాక ఒక కొడుకు తగిలాడు. మంచి మనిషే అనుకుంటూ కిందికి చూస్తే "పెళ్ళి అయ్యే వరకు" అని రాసి ఉంది. నవ్వొచ్చింది. ఆ తర్వాత దాంట్లో "మనవరాలు, పదమూడేళ్ళు" అని ఉంది. వృత్తి దగ్గర "ఎనిమిదో తరగతి". నా చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆ పిల్ల బడి మానేస్తుందా? లేక పొద్దున్నే లేచి తాతకో నాయనమ్మకో అన్నీ చేసి వెళ్తుందా? ఎవరినడగాలి? గడులన్నీ నింపే ఉన్నాయి. ముద్ర వేశాను. ఆ మాట దాచను.

మధ్యాహ్నం మూడింటికి మా ఇంటి నంబరు కనబడింది.

మా ఆయన చేతిరాత. బ్యాంకులో ముప్పై అయిదేళ్ళు రాసిన గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. చూసుకునేవారు: నా భార్య. వయసు: యాభై రెండు. నాకు యాభై ఆరు. వృత్తి: ప్రస్తుతం ఉద్యోగం, నెలాఖరుకు మానేస్తుంది.

మూడుసార్లు చదివాను. మొదటిసారి ఇంకెవరి ఇంటిదో అనుకున్నాను. రెండోసారి ఆ భార్య ఎవరో పాపం అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. మూడోసారికి ఒళ్ళు చల్లబడింది. నెలాఖరుకు పదకొండు రోజులుంది. నా ఉద్యోగం పదకొండు రోజుల్లో పోతోందన్న సంగతి నాకు మున్సిపాలిటీ ద్వారా తెలిసింది. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. చిన్నప్పుడు మా అమ్మాయికి జ్వరమొచ్చినా, నాకు గర్భసంచి ఆపరేషనయినా, కుట్లు ఆరకముందే వచ్చి కూర్చున్న కుర్చీ. ఇంకా నాలుగేళ్ళుంది. ఈసారి సీనియర్ అసిస్టెంట్ల ప్రమోషన్ జాబితాలో నా పేరుంది. "నీ జీతం నీ బస్సుకీ చెప్పులకీ సరి" అని ఆయన అంటూ ఉంటే సరదాకి అంటున్నారనుకునేదాన్ని. సరదా కాదు, అది ఆయన నమ్మకం. మాఫీ అయ్యే పన్ను ఎంతో చెప్పను. చెబితే నా విలువ మీకు తెలిసిపోతుంది.

"మేడమ్, కౌన్సిలర్లు వచ్చారు, కాస్త టీ సంగతి చూస్తారా" అని లోపలి నుంచి పిలిచారు సూపరింటెండెంట్. అటెండర్ అక్కడే నిలబడి ఉన్నాడు. ఉన్నా ఆ పిలుపు ఎప్పుడూ నాకే. లేచి వెళ్ళి టీ పోసిచ్చాను. ఒక్క చుక్క ఒలకలేదు. దానికి నాకే ఆశ్చర్యం వేసింది.

సాయంత్రం వ్యాన్ దిగిన అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, మేజోళ్ళు విప్పుతూ ఆయన్ని అడిగాను. "నేను ఉద్యోగం మానేస్తున్నానా?"

"ఓ, ఆ ఫారమా! చెబుదామనే అనుకున్నా, మర్చిపోయా" అన్నారు. టీవీ సౌండ్ తగ్గించారు గానీ ఆపలేదు. "అమ్మను మనం చూసుకోకపోతే ఎవరు చూసుకుంటారు చెప్పు?"

"మనమంటే?"

"మనమంటే మనమే. ఇదేం ప్రశ్న?"

"మీరు రోజంతా ఇంట్లోనే ఉంటారు కదా."

"నేనా?" అన్నారు. ఆ ముఖంలో కోపం లేదు, నిఖార్సయిన ఆశ్చర్యం. కుర్చీని లేచి వంట చెయ్యమంటే దాని ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. "స్నానాలూ జడలూ నాకు చేతనవుతాయా? అయినా నీకూ ఓపిక తగ్గిపోతోంది, రోజూ బస్సుల్లో ఆ తోపులాట. నీ మంచికే కదా రాశాను."

"నన్ను ఒక్క మాట అడగాల్సింది."

"నీ సంతకం కావాలని అందులో ఉంటే అడిగేవాణ్ణి కదా! ఎక్కడా లేదు. పైనుంచి కింది దాకా రెండుసార్లు చదివాను. నన్ను ఒక్కడినే పెట్టమన్నారు, పెట్టాను. రూల్స్ మీ వాళ్ళవే. తప్పేముంది?"

రెండో కాలి మేజోడు విప్పడం మొదలుపెట్టాను. ఫారంలో ఆయన రాసింది చదివినప్పుడు ఒళ్ళు చల్లబడింది, ఈ మాటకు ఒళ్ళు మండింది, అదీ నా మీదే. ఆయన అబద్ధమాడటం లేదు. పద్ధతి గల మనిషి, రెండు సంతకాలు అడిగితే రెండూ పెట్టించి ఇచ్చేవారు. పెట్టమని నా దగ్గరికి వచ్చేవారు, నేను పెట్టనని అనే వీలుండేది. ఆ వీలును తీసి పారేసింది నేను. ఒక కాగితం ముచ్చటగా ఉండటం కోసం, సెక్షన్‌లో నలుగురూ భేష్ అనడం కోసం, నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను. నా ఒక్క కన్నయితే సరే. ఆ ఎనిమిదో తరగతి పిల్లది కూడా.

"బడి తీసేస్తున్నారా?" అన్నారు అత్తగారు. చెవి మిషన్ ఇంకా తియ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"అదేం లేదమ్మా, నువ్వు ఇంట్లోనే హాయిగా ఉంటావు" అన్నారాయన.

"హాయిగానా? రోజంతా నీ ముఖం చూస్తూనా?" అన్నారావిడ. తర్వాత నా వైపు తిరిగారు. "అది సరే అమ్మాయ్. వాడు సంతకం పెట్టాడు. నీ సంతకం పెట్టించుకోలేదని ఏడుస్తున్నావు. చూసేది ఎవరినే? నన్ను కదా! నా సంతకం ఎక్కడ?"

చిత్తుప్రతిలో ఆ చోటు మొదటి నుంచీ లేదు. లేదని నాకూ తోచలేదు, కమిషనర్ గారికీ తోచలేదు. రోజూ ఈవిడ జడ వేసే చేతులతోనే ఆ ఫారం టైపు చేశాను.

మర్నాడు ఆఫీసుకు అందరికన్నా ముందు వెళ్ళాను. బీరువాలోంచి ఫైలు తీశాను. కమిషనర్ గారి ఆకుపచ్చ సిరా సంతకం కింద రెండు గీతలూ ఉన్నాయి. పన్ను కట్టేవారి సంతకం, చూసుకునే వారి సంతకం. ఆమోదించింది అది. మేం పంచింది ఇంకోటి. రెండో గీత తీసెయ్యమని సూపరింటెండెంట్ గారు నోటితో చెప్పారే గానీ కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. పైవాళ్ళ మాటలు గాల్లో ఉంటాయి, మా పనులు కాగితం మీద ఉంటాయి. శుక్రవారం కౌన్సిల్ మీటింగు, కేంద్రం సంగతి తేలేది అక్కడే.

ఆ తేడా చెబుతూ ఆఫీసు నోటు రాసి సూపరింటెండెంట్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన నిలబడే చదివారు, చదివి కూలబడ్డారు.

"ఏమిటిది మేడమ్? ఆమోదించిన ఫారం కాదని తేలితే ఈ మూడు వందలూ చెల్లవు. మళ్ళీ అచ్చు వెయ్యాలి, మళ్ళీ ఇంటింటికీ పంచాలి. శుక్రవారం అజెండాలోంచి ఈ అంశం తీసెయ్యాలి."

"అవునండీ."

"మీకు మెమో ఇస్తారు. ఇంక్రిమెంటు ఆపుతారు. నేను చెప్పినట్టు ఎక్కడా లేదు, చూసుకోండి."

"లేదండీ. మీ పేరు నేనూ రాయలేదు."

ఆయన కాస్త మెత్తబడ్డారు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "సీనియర్ల జాబితాలో మీ పేరుంది, తెలుసా?"

"తెలుసండీ. టైపు చేసింది నేనే."

ఆయన నోటు తిప్పి చూశారు, వెనక ఇంకేమైనా ఉందేమోనని. ఏమీ లేదు. పెద్దవాళ్ళ సంతకానికి కూడా చోటు ఉంటే బాగుంటుందని ఆఖరి వరసలో మనవి చేసుకున్నాను, అంతే. కౌన్సిల్ ఒప్పుకుంటుందో లేదో తెలియదు. రెండో సంతకం పెట్టించినంత మాత్రాన కేంద్రం నిలుస్తుందనీ నేను అనుకోవడం లేదు. ఎంతమంది కోడళ్ళు పక్కన మనిషి నిలబడి పెట్టమంటే పెట్టకుండా ఉండగలరు? అయినా ఆ కాగితం ఒక్కసారి వాళ్ళ చేతికి రావాలి. చేతికి వచ్చాక వాళ్ళిష్టం.

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. పాత ఫారం తెరిచి తీసేసిన గీతను మళ్ళీ పెట్టాను, దాని కింద కౌన్సిల్ చూడటానికి పెద్దవాళ్ళ గీత ఇంకొకటి పెట్టాను. వెంటనే ఫారం రెండో వైపుకు జారింది. ఈసారి అక్షరాలు తగ్గించలేదు.

తప్పు నాదే అన్న మాట నాకు కొత్త కాదు. అన్నం మాడినా, మా అమ్మాయికి మార్కులు తగ్గినా, ఆయన తాళాలు ఎక్కడో పెట్టి మర్చిపోయినా, ఇంట్లో గొడవ సద్దుమణిగితే చాలని ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉన్నాను. ఈ ఉదయం నోటు మొదటి వాక్యంలో ఆ మాటే రాసి కింద సంతకం పెట్టాను. నిజంగా నాదైన తప్పు నాదని నేను ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. కొత్త ఫారాలు అచ్చయి వచ్చాక మా ఇంటిది నేనే తీసుకెళ్తాను. ఆయన తన సంతకం పెట్టుకుంటారు. రెండో గీత ఖాళీగా ఉంటుంది.