ఎనిమిది గుండాల బొమ్మ

శనివారం పొద్దున హోమం. గుండాలను ఇటుకతో, మట్టితో కట్టి, పేడతో అలికి, కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. అంటే గురువారం సాయంత్రానికల్లా ఎనిమిదీ లేచి తీరాలి. ఆ గురువారం తొమ్మిది గంటలకే మేస్త్రీ యాదయ్య తన భార్య దుర్గవ్వను వెంటబెట్టుకుని పాల్మాకుల నుంచి వచ్చి, శంషాబాద్ కాలనీలో కట్టిన కొత్త గుడి పక్కన కూర్చున్నాడు. యాగశాలకు గుంజలు పాతారు గాని పైన కప్పు ఇంకా పడలేదు. ఇటుకలు దిగాయి. మట్టి నానింది. ఇక రావలసింది కాగితమే.

ఆ కాగితం నాలుగిళ్ల అవతల కావేరి కంప్యూటర్లో ఇరుక్కుంది.

కావేరి ఇంటి దగ్గరే కూర్చుని ఒక ప్రచురణ ఆఫీసుకు లెక్కల పుస్తకాల్లోని బొమ్మలు చేసి పంపుతుంది. ఆ బొమ్మలు చేత్తో గీసేవి కావు. ఫలానా చోట ఇంత వెడల్పున వృత్తం పెట్టు, ఇక్కడి నుంచి అక్కడికి గీత లాగు అని వరసగా కోడ్ రాయాలి. యంత్రం ఆ లైన్లన్నీ చదువుకుని పేజీ కూర్చి ఇస్తుంది. చదవలేని మాట తగిలితే ఆగిపోయి ఎర్రర్ చూపిస్తుంది. మూడేళ్లుగా ఆమె చేస్తున్న పని అదే.

ప్రతిష్ఠ చేయించే ఆచార్యులుగారు నోటుపుస్తకం కాగితం మీద జాబితా రాసిచ్చి వెళ్లారు. తూర్పున చతురస్రం, ఆగ్నేయాన రావి ఆకు, దక్షిణాన అర్ధచంద్రం, నైరుతిలో త్రికోణం, పడమట వృత్తం, వాయవ్యంలో షట్కోణం, ఉత్తరాన పద్మం, ఈశాన్యంలో అష్టకోణం. గుండానికీ గుండానికీ నడుమ ఎంత ఎడం ఉండాలో కింద రాశారు. అది చూసి గుడి కమిటీలో అందరూ తలలు గోక్కుంటుంటే, కావేరి మామగారు నరసింహమూర్తి, "మా కోడలు కొలతలతో సహా గీసిస్తుంది లెండి" అనేశారు.

"కంప్యూటర్ గీసిన గుండంల నిప్పు అంటుకుంటదా సారూ" అని కమిటీ సభ్యుడు దశరథం నవ్వాడు. నరసింహమూర్తి నవ్వలేదు. ఆయన మాట ఇచ్చేశారు.

ఇప్పుడు ఆయన కోడలి కుర్చీ వెనక నిలబడి గడియారం చూస్తున్నారు. ఆ ఏడు మాఘమాసంలోనే కరెంటు కోతలు మొదలయ్యాయి. పదింటికి పోతే మళ్లీ పన్నెండుకే.

"ఏమంటుందమ్మాయ్?"

"బహుభుజి అంటే ఏమిటో తనకు తెలియదంటోంది మామయ్యగారూ."

"నిన్నటిదాకా తెలిసింది కదా. పోయిన వారమంతా త్రికోణాలే గీశావు."

"అదే నాకూ అర్థం కావడంలేదు."

కావేరి కంగారుపడే మనిషి కాదు. పప్పులో రాయి తగిలితే గిన్నెడు పప్పూ పారబోయరు, గరిటె గరిటె చూసుకుంటారు. ఆమె పద్ధతీ అంతే. లైను ముందు శాతం గుర్తు పెడితే యంత్రం దాన్ని చదవకుండా దాటిపోతుంది. ఎనిమిది గుండాల ముందూ ఆ గుర్తు పెట్టి, ఒక్కొక్కటే తీసుకుంటూ వచ్చింది. చతురస్రం వచ్చింది. రావి ఆకు వచ్చింది. అర్ధచంద్రం వచ్చింది. త్రికోణం దగ్గర ఆగిపోయింది. దాన్ని మూసి ముందుకు వెళితే వృత్తం వచ్చింది, షట్కోణం దగ్గర మళ్లీ అదే గొడవ. పద్మం వచ్చింది. అష్టకోణం రాలేదు.

రానివి మూడూ బహుభుజి అన్న మాటతో రాసినవే. చతురస్రానికి ఆ మాట అక్కర్లేదు. రోజూ ఆఫీసు ఫైల్లో వచ్చేవి ఇక్కడ ఎందుకు రావు? ఆఫీసు ఫైలు తెరిచి పక్కన పెట్టుకుని పైనుంచి చూసింది. నాలుగో లైను చూడగానే నాలుక కరుచుకుంది.

ఆకారాల మూట ఒకటి విడిగా ఉంటుంది. దాన్ని తెచ్చుకోమని ఫైలు మొదట్లోనే చెప్పాలి. ఆఫీసు ఫైల్లో ఆ లైను ఎప్పుడో ఎవరో రాసి పెట్టారు. ఆమె మూడేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని రాయవలసిన పని పడలేదు. ఇవాళ మాత్రం తలస్నానం చేసి, దీపం పెట్టి, దేవుడి పనికి గీసే బొమ్మను వాడేసిన ఫైల్లో గీయడమేమిటని కొత్త ఫైలు తెరిచింది.

"మడి కట్టుకుని కొత్త పొయ్యి దగ్గర కూర్చున్నాను మామయ్యగారూ. గిన్నెలన్నీ పాత వంటింట్లో ఉన్నాయి" అంది.

ఒక్క లైను చేర్చింది. ఎనిమిదీ వచ్చాయి. కింద ఒక్క ఎర్రర్ కూడా లేదు. చతురస్రం తూర్పున, వృత్తం పడమట ఉన్నాయో లేదో చూసుకుంది, ఉన్నాయి. కాగితం మూలన ఉత్తరం పైకి చూపిస్తూ బాణం పెట్టింది. నరసింహమూర్తి తెర మీద చూపుడువేలు ఆనించి తూర్పు, ఆగ్నేయం, దక్షిణం అంటూ ఎనిమిది పేర్లూ చదివి, "వరస తప్పలేదమ్మా" అన్నారు. ప్రింటరు కాగితం బయటికి తోసిన అయిదు నిమిషాలకు కరెంటు పోయింది. ఆయన గట్టిగా ఊపిరి విడిచి, కాగితం నాలుగు మూలలా పసుపు అద్ది, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని బయలుదేరారు. కావేరి కూడా వెంట వెళ్లింది.

యాదయ్య కాగితం అందుకుని బాణం చూశాడు. కాగితాన్ని ఉత్తరానికి తిప్పి నేల మీద పెట్టాడు. తూర్పున దారం పట్టి, ముగ్గుపిండితో చతురస్రం గీశాడు. లేచి రెండో గుండం దగ్గరికి నడిచి, దారం చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

"కావేరమ్మా, జర ఇటు రా. ఈ ఆకు గుండం ఏ మూలకు?"

"ఆగ్నేయానికి. దాని కిందే రాశాను."

"రాసినవ్. చదివిన. గని కాగితం మీద ఇది ఈశాన్యంల కూసున్నది. ముప్పయ్యేండ్ల సంది ఇండ్లు కడుతున్న. పొయ్యి మూల ఏదో నాకెర్క లేదా?"

కావేరి వంగి చూసింది. పైకి చూపే బాణం ఉత్తరం అంటోంది. దాని పక్కనే, పైన ఉన్న అర్ధచంద్రం కింద దక్షిణం అని ఉంది. రెండూ తాను పెట్టినవే.

"ఒక్క తప్పూ లేదని కంప్యూటర్ చెప్పింది కదమ్మా" అన్నారు నరసింహమూర్తి.

"దానికెట్ల తెలుస్తది సారూ" అన్నాడు యాదయ్య. "దానింట్ల పొయ్యి ఉన్నదా?"

దుర్గవ్వ మట్టి తొక్కుతూనే కిసుక్కున నవ్వింది.

కావేరి జాబితా తీసి ఒక్కొక్కటే పోల్చింది. తూర్పు సరిగ్గా ఉంది. పడమర సరిగ్గా ఉంది. తాను సరిచూసుకున్నవి సరిగ్గా ఆ రెండే. మిగతా ఆరూ తప్పు చోట ఉన్నాయి. ఒకే బొమ్మలో ఆరు తప్పులు ఆమె ఎన్నడూ చేయలేదు.

"పోనీ ఆకు గుండం ఆ మూలకు జరిపి కట్టెయ్యనా?" అని అడిగాడు యాదయ్య.

"వద్దు. అది అక్కడికి ఎందుకు పోయిందో నాకే తెలియదు. అది తెలిసేదాకా ఆ ఎడాలూ కొలతలూ కూడా నమ్మకండి."

"మరి ఎప్పుడు తెలుస్తది?"

"కరెంటు వస్తే చూస్తాను. పన్నెండుకు."

యాదయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "పన్నెండుకు మొదలువెడితే పొద్దుగూకేదాంక ఎనిమిది లేవయి బిడ్డా. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. అయిదు లేస్తయి, జోరు చేస్తే ఆరు."

నరసింహమూర్తి ఒక గుంజను పట్టుకుని నిలబడ్డారు. శుభలేఖలు పంచడం అయిపోయింది. శనివారం ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు. మూడు గుండాలు పచ్చిగా ఉంటే హోమం ఎట్లా అన్నది ఆయన మొహంలోనే ఉంది. ఆయన తిట్టి ఉంటే కావేరికి కాస్త తేలికగా ఉండేది.

ఆమె ఉత్తరం వైపు తిరిగి, రెండు చేతులతో కాగితాన్ని మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. ఎక్కడో ఒక లెక్క తప్పి ఉండాలి. ఎక్కడ?

ఎదురుగా, దక్షిణానికి మొహం పెట్టి మట్టి తొక్కుతున్న దుర్గవ్వ ఆగింది. పదింటి ఎండ కావేరి వీపు వెనక నుంచి కాగితం మీద పడుతోంది. గీతలు అవతలి పక్కకు నీడల్లా కనిపిస్తున్నాయి.

"ఏందయ్యా మీ లొల్లి" అంది దుర్గవ్వ. "మంచిగనే ఉన్నది గదా."

"నీకేం తెలుసు, మట్టి తొక్కు" అన్నాడు యాదయ్య.

"నాకు తెల్వదు గని కండ్లున్నయి. సదర గుండం నా ఎడమ చేతికి, తూర్పుకు. ఆకు గుండం గా పొయ్యి మూలకు. నువ్వే ఇటొచ్చి చూడు."

యాదయ్య గొణుక్కుంటూ వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు. గొణుగుడు ఆగిపోయింది. "కావేరమ్మా, గట్లనే పట్టుకో. కదలకు" అన్నాడు. తరువాత నరసింహమూర్తి వెళ్లి చూశారు. చివరికి కాగితాన్ని యాదయ్య చేతికిచ్చి కావేరి కూడా వెళ్లి చూసింది.

వెనక నుంచి చూస్తే ఎనిమిది గుండాలూ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఆరు తప్పులు లేవు. ఒక్కటే తప్పు. చక్రం మొత్తం రొట్టె తిరగేసినట్టు తిరగబడింది, అంతే.

అప్పుడు తెలిసింది ఆమెకు. ఎనిమిది గుండాలకూ ఎనిమిది కోణాలు ఇచ్చింది. తూర్పు సున్న, ఆగ్నేయం నలభై అయిదు, దక్షిణం తొంభై. గుడిలో ఎట్లా తిరుగుతారో అట్లాగే, కుడి చేతి వైపుగా. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అటే తిరిగింది, ఇంకో వైపు తిరగవచ్చన్న ఆలోచన ఎన్నడూ రాలేదు. యంత్రం మాత్రం కోణాలను ఎడమ చేతి వైపుగా లెక్కిస్తుంది. లెక్కల పుస్తకాల్లో ఎవరో ఇచ్చిన కోణాన్ని అట్లాగే రాయడమే గాని, ఏ వైపు తిరుగుతున్నానని ఆమె ఎప్పుడూ అడుగలేదు. కోణం ముందు ఒక్క మైనస్ గుర్తు పెడితే సరిపోతుంది. చదవలేని మాట ఒక్కటీ లేదు కనుక యంత్రం ఎర్రర్ చూపలేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది.

"మామయ్యగారూ, మీరు తెర మీద వేలు పెట్టి చదివారు కదా. వేలు ఎటు తిరిగింది?"

నరసింహమూర్తి గాలిలో వేలు తిప్పి చూసుకున్నారు. తూర్పు నుంచి పైకి, అక్కడి నుంచి ఎడమకు. మొహం ఎర్రబడింది. "అప్రదక్షిణంగా తిరిగానమ్మా. అరవై ఏళ్లు వచ్చాయి నాకు. పేర్లు వరసగా వస్తున్నాయి కదా అనుకున్నాను గాని చెయ్యి ఎటు పోతోందో చూసుకోలేదు."

"అయితే కొలతలు?" అని అడిగాడు యాదయ్య.

"అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇప్పుడు చెబుతున్నాను, నమ్మండి. బొమ్మ తిరగబడింది గాని ఏదీ చెదరలేదు. కరెంటు వచ్చాక సరిచేసిన కాగితం తెచ్చిస్తాను. అందాకా దీన్నే వెనక నుంచి చూసి కట్టవచ్చు."

"రోజంత ఎండకు పట్టుకుని నిలవడేటోళ్లెవరు?"

దానికి ఉపాయం కావేరికి వంటింటి నుంచి వచ్చింది. బజ్జీలు పెట్టిన కాగితం గుర్తుకొచ్చి, గుళ్లోకి వెళ్లి దీపాల నూనె దోసెడు తెచ్చి, కాగితం అంతా రాసింది. గీతలన్నీ రెండో వైపుకు తేటగా దిగాయి. దాన్ని బోర్లించి, చతురస్రం తూర్పుకు వచ్చేలా నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టింది. బాణాన్ని చూడవద్దని చెప్పి దాని మీద మట్టి మెత్తింది.

పదిన్నరకు ఆకు గుండానికి మొదటి ఇటుక పడింది, ఆగ్నేయంలో.

పదకొండున్నర దాకా వేరే మాట లేకుండా పని నడిచింది. విమానాలు నెత్తి మీదుగా దిగుతున్నా ఎవరూ తలెత్తి చూడలేదు. కావేరి ఇటుకలు అందించింది. నరసింహమూర్తి వద్దన్నా వినకుండా నీళ్లు మోశారు. కాస్త ఊపిరి సలిపాక ఆమె అడిగింది.

"మామయ్యగారూ, ఎవరికీ తెలియకుండా తిరగేసి కట్టేసి ఉంటే, స్వామి హోమం తీసుకోడంటారా?"

ఆయన బిందె దింపి ఆలోచించారు. "తీసుకుంటాడనే నాకనిపిస్తుంది. పసిపిల్ల ఎడమ చేత్తో పువ్వు పెడితే విసిరేస్తాడా? కానీ తెలిశాక వదిలేసి ఉంటే ఎట్లా ఉండేదో మరి. నిజంగా నాకు తెలియదమ్మా."

"దేవుని సంగతి నాకెర్క లేదు" అన్నాడు యాదయ్య ఇటుక సరిచేస్తూ. "ఆచార్యులయ్య మాత్రం నాతోని పీకిస్తుండె."

"దేవుడు ఏమనడు, మా ఆయనే అంటడు" అంది దుర్గవ్వ. "ఇగ నేనేమన్నా మట్టి తొక్కమంటడు."

"ఇయ్యాల అనను తియ్యవే."

పన్నెండుకు కరెంటు వచ్చింది. కావేరి ఇంటికెళ్లి మైనస్ గుర్తు పెట్టింది. ఈసారి ఎనిమిదింటినీ విడివిడిగా, బాణంతో పోల్చి చూసుకుంది. కొత్త కాగితం తెచ్చేసరికి మూడో గుండం లేస్తోంది. యాదయ్య దాన్ని నూనె కాగితం పక్కన పెట్టి, రెండూ ఒకటేనని తేల్చుకుని, కొత్తదాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కట్టడం మాత్రం నూనె కాగితం చూసే కట్టాడు. చెయ్యి దానికి అలవాటు పడిందట.

సాయంత్రం ఆచార్యులుగారు వచ్చేసరికి దుర్గవ్వ చివరి గుండాన్ని అలుకుతోంది. ఆయన చెప్పులు విడిచి, తూర్పున మొదలుపెట్టి మెల్లగా నడిచారు. నలుగురూ చూస్తున్నారు. చతురస్రం దాటారు. రావి ఆకు దగ్గర వంగి, చాలాసేపు చూశారు. కావేరి కొంగు పిడికిట్లో నలిగింది.

"ఆకు కొస కాస్త మొద్దుబారింది. పచ్చిగా ఉండగానే పదును చెయ్యి" అని, మిగతా ఆరూ చుట్టి వచ్చారు.

"ఇంకేమన్న ఉన్నదా అయ్యగారూ?" అన్నాడు యాదయ్య.

"ఇంకేముంది. బాగున్నాయి. రేపంతా ఆరనివ్వండి."

ఆచార్యులుగారు గుళ్లోకి వెళ్లిపోయారు. కావేరి అక్కడే మిగిలిన ఇటుకల మీద కూలబడింది. పొద్దుటి నుంచి కాఫీ కూడా తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది. దుర్గవ్వ మట్టి చేతులతోనే వచ్చి పక్కన కూర్చుంది. యాదయ్య ఆకు గుండం ముందు గొంతుకు కూర్చుని, తాపీ కొసతో ఆకు చివరను సన్నగా దిద్దుతున్నాడు.