నలభై ఒకటో వరస

ఎదురింటావిడ మా అత్తగారితో అందిట: "మీ కోడలు ఆఫీసులో చేసేదేముంది, కాగితాలు పైకి చదవడమేగా! దానికంత చదువెందుకో?" నేను టిఫిను డబ్బాలు సర్దుతుంటే ఆ మాట అత్తగారు పొల్లుపోకుండా నాకు అప్పజెప్పారు. "నేనేం అన్లేదమ్మా, విన్నానంతే" అని చివర్న తాళింపు కూడా వేశారు.

నిజమే, చదువుతాను. ఐదేళ్ళుగా ఓ పెద్ద గ్రహం వైపు పోతున్న మనిషిలేని నౌక మాది. ఎల్లుండి గ్రహం పక్కకి చేరగానే ఇంజను మండి దాని వేగం తగ్గాలి. తగ్గకపోతే దాటిపోతుంది, ఇక పిలిచినా వెనక్కి రాదు. ఆ ఆజ్ఞలు ఇవాళ మూడింటికల్లా పంపాలి. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు తమ కాగితం మీద వేలు పెట్టి సరిచూడాలి, ఆ తర్వాతే సంతకాలు. అదీ మా పద్ధతి.

రెండుంబావుకి పెద్దసారు ఆ ఆజ్ఞల కాగితం నా ముందుకి తోశాడు. ఆయనదీ డిప్యూటీదీ సంతకాలు అప్పటికే ఉన్నాయి.

"పదిసార్లు రిహార్సలయింది. మళ్ళీ చదవడమేంటమ్మా, పెట్టెయ్."

ఇంతలో ఫోను. మా ఆయన. "అమ్మకి నాలుగింటికి కళ్ళ డాక్టరు. నువ్వు లేకపోతే ఆ రాకెట్టు ఆగిపోతుందా?"

"ఆగకపోతేనే కొంపమునుగుతుందండీ" అని పెట్టేశాను.

పెన్ను మూత తీశాను గానీ సంతకం పెట్టలేదు. పన్నెండేళ్ళ కాపురంలో ఎన్ని "పెట్టెయ్"లకి, ఎన్ని "సర్దుకుపో"లకి తలూపానో లెక్కలేదు. ఊపితే మంచిపిల్ల, ఊపకపోతే నోరు పెద్దది. ఇప్పుడూ ఊపేస్తే పావుగంటలో బయటపడొచ్చు, డాక్టరు దగ్గరికీ వెళ్ళొచ్చు. కానీ అక్కడ తప్పుంటే?

"చదువుతాను సార్. మీరు వేలు పెట్టండి."

"ఆడాళ్ళంతే సార్, ఉప్పు వేసి వందసార్లు రుచి చూస్తారు" అన్నాడు డిప్యూటీ. ఇద్దరూ నవ్వారు. నేను చదివాను.

నలభై ఒకటో వరసలో ఇంజను మండే వేళ ఉంది. అది ఉండాల్సినదానికంటే యాభై నిమిషాలు ఎక్కువ. మా మాట నౌకకి చేరడానికి యాభై నిమిషాలు పడుతుంది. ఎవరో ఆ యాభైనీ మండే వేళకి కలిపేశారు. నౌక తనలో ఉన్న గడియారం చూసుకునే ఇంజను మండిస్తుంది, ఆ వేళకేం కలపకూడదు. ఇలాగే పంపితే, ఇంజను మండేసరికి నౌక గ్రహాన్ని దాటిపోయి ఉంటుంది.

పెద్దసారు వేలు ఆ అంకె మీదే ఆగింది.

ఆ అంకె దిద్దేశాం. మొదటి వరస నుంచి మళ్ళీ చదివాను. ఇంకో రెండు నిమిషాల్లో మూడవుతుందనగా ఆజ్ఞలు వెళ్ళాయి.

సారు నుదురు తుడుచుకున్నాడు. "రిపోర్టులో చిన్న టైపింగు సవరణ అని రాసెయ్యమ్మా."

"మీరిద్దరూ చదవకుండా సంతకాలు పెట్టారని రాస్తాను సార్."